సఫారీకి పోదామా? ముందు అడుక్కోవాల్సిన ఐదు ప్రశ్నలు

పరీక్షలు అయిపోతే ఎక్కడికి పోదామన్న మాటల్లో ఈసారి "వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ సఫారీ" కూడా చేరింది. బందీపూర్ అని ఒకరు, కబిని అని ఇంకొకరు, ముదుమలై అని మరొకరు. అంత డబ్బు పెట్టి పోవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవడానికి పనికొస్తుందని ఈ పాఠం రాస్తున్నాను.

ముందు మాట సంగతి. 'సఫారీ' అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీలోని 'సఫర్' అక్కడికి పోయి అలా మారింది. మనం వాడే 'సవారి' దీనికి చుట్టం కాదు. అది పారసీ నుంచి వచ్చిన వేరే మాట. అంటే సఫారీ అనే మాటలో పులీ లేదు, ఫొటో లేదు. ప్రయాణం ఒక్కటే ఉంది. మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

1. ఒక్క మంచి ఫొటో కూడా లేకుండా తిరిగొస్తే మీకు సంతోషంగా ఉంటుందా?

సఫారీ జీపు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోతుంది. కిందికి దిగకూడదు, దారి వదలకూడదు. జింకలు కనబడవచ్చు, నెమలి కనబడవచ్చు. పులి మాత్రం మన టికెట్టు చూసి రాదు. పులి కనబడితేనే డబ్బు గిట్టినట్టు అనుకునేవాళ్లు పోకపోవడమే మేలు. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, కోతుల హెచ్చరిక కేకలు కూడా చాలు అనుకునేవాళ్లకు సఫారీ సరిపోతుంది.

2. మన చేతిలోని కెమెరా ఏం చేయగలదు?

దూరంగా ఉన్న జంతువు మామూలు ఫోన్‌లో చుక్కలా పడుతుంది. వేళ్లతో జూమ్ చేస్తే చుక్క పెద్దదవుతుంది, వివరం పెరగదు. పక్షులకు 400 మిల్లీమీటర్ల లెన్సు అయినా కావాలి. అంత లెన్సు చేత్తో పట్టుకుంటే షట్టర్ వేగం సెకనులో 400వ వంతుకు తగ్గకూడదు. ఎగిరే పక్షికైతే 1000వ వంతో, ఇంకా వేగమో కావాలి. తెల్లవారుజామున వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్ఓ పెంచాలి, పెంచితే ఫొటోలో నూకలాంటి గరుకు వస్తుంది. ఈ లెక్క అర్థం కాకముందే లెన్సు అద్దెకు తెచ్చుకుంటే డబ్బు దండగ.

3. ఖర్చులో ఏమేం కలిసి ఉన్నాయి?

అడవి ప్రవేశ రుసుము, జీపు, బస, భోజనం విడివిడిగా అడగండి. కొన్నిచోట్ల పెద్ద లెన్సుకు వేరే రుసుము కట్టాలి. జీపులో ఎంతమంది, మనతో ఆడవాళ్లు ఎవరైనా ఉంటారా, రాత్రి బస ఎక్కడ అన్నవి కాగితం మీద రాయించుకుని ఇంట్లో చూపండి. అమ్మానాన్నలు అడిగేది కూడా ఇదే కదా.

4. మన ఫొటో వల్ల ఎవరికైనా నష్టమా?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రక్షిత పక్షి గూటినీ గుడ్లనూ కదిలించడం కూడా 'వేట' కిందికే వస్తుంది. తుపాకీ అక్కర్లేదు, కొమ్మ వంచినా చాలు. ఫ్లాష్ కొట్టడం, పక్షి కూత రికార్డు వేసి పిలవడం, "ఇంకొంచెం దగ్గరికి పోనీ అన్నా" అని డ్రైవర్ని తొందరపెట్టడం, ఇవన్నీ మానుకోగలమా?

5. మనకు దగ్గర్లో ఏముంది?

మాది పొన్నై. చిత్తూరు కొండల నుంచి వచ్చే ఏరు మా ఊరి మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. అటు గుడియాత్తం వైపు వచ్చే కౌండిన్య నది పలమనేరు అడవుల్లోంచి వస్తుంది. ఆ అడవుల్లోకి 1980లలో ఏనుగులు తిరిగి వచ్చాయి. 1990లో అది కౌండిన్య అభయారణ్యమైంది. ఏనుగులు దగ్గరే ఉన్నాయి కాబట్టి ఇక్కడే ఫొటో తీద్దామని ఎవరూ అనుకోవద్దు. పొలంలోకి వచ్చిన ఏనుగు అప్పటికే టపాకాయలకూ అరుపులకూ బెదిరి ఉంటుంది. గుడియాత్తం దగ్గర అడవి అంచున మా మేనమామకు అరటితోట ఉంది. "మీకు అది బొమ్మ, మాకు ఆ రాత్రి నిద్ర లేదు" అంటుంది మా అత్త. ఫోన్ పట్టుకుని ఏనుగు వెనక పరిగెత్తేవాళ్లను చూసి అన్నమాట అది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? వేలూరు దగ్గర అమృతి జంతు ఉద్యానంలో కదిలే జంతువు మీద ఫోకస్ నిలపడం నేర్చుకోవచ్చు. తర్వాత చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్. లేదా సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఈ రెండుచోట్లా జీపు అక్కర్లేదు, పక్షి మనల్ని పట్టించుకోనంత దూరంలో నిలబడే ఓపిక ఉంటే చాలు.

2020లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఫొటోల పోటీలో మనదేశపు అమ్మాయి ఐశ్వర్యా శ్రీధర్‌కు ప్రశంస వచ్చింది. ఆమె తీసింది పులిని కాదు, మిణుగురులతో వెలిగిన చెట్టును.

నా అభిప్రాయం ఇది. మొదటి, నాలుగో ప్రశ్నలకు మీ జవాబు నిజాయితీగా బాగుంటే సఫారీకి పోండి. కెమెరా, డబ్బు సంగతి నిదానంగా కూడుతాయి. ఆ రెండింటిలో ఏది తడబడినా, ముందు ఒక ఏడాది చెరువుగట్టు మీద నిలబడండి. అడవి ఎక్కడికీ పోదు, మనం దాన్ని చెదరగొట్టకపోతే.