లావు అక్షరం, లోపలి తెలుపు

సువనీరు చేతికి రాగానే మనం ముందు చూసేది అట్ట. అట్టమీద ముందు చూసేది పేరు. ఆ పేరును మోసే లావు అక్షరం గురించి విద్యార్థి మిత్రులతో నాలుగు మాటలు.

ఇంగ్లీషువారు దీన్ని డిస్‌ప్లే టైపు అంటారు. పేజీలకు పేజీలు చదివించడానికి కాదు, దూరం నుంచి పిలవడానికి పుట్టిన అక్షరం. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో లాటరీ ప్రకటనలకోసం బొద్దు టైపు పోతపోశారు. చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీయగా 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ కూడా ఆ బాపతే. రోమన్ గీత కొసన కనిపించే చిన్న పాదాన్ని సెరిఫ్ అంటారు. గీత ఎంత బలిసినా పాదం దాన్ని నిలబెడుతుంది.

మన లిపికి ఆ వసతి లేదు. స్తంభంలాంటి గీతలు దాదాపు లేవు, అంతా గుండ్రమే. పైన తలకట్టు, కింద వత్తు, నడుమ పొట్ట. లావు చేస్తే నలుపు లోపలికే వస్తుంది.

ఈ సంగతి నాకు పద్మనాభంలో తెలిసొచ్చింది. విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు 1794 జూలై 10న కుంపిణీ సేనతో పోరి నేలకొరిగిన చోటు అది. అక్కడికి మా తరగతి యాత్ర పెట్టుకుని ఒక బ్యానరు వేయించాం. మామూలు అక్షరానికే కంప్యూటర్లో చుట్టూ గీత కట్టి లావు చేశారు. తీరా కట్టి చూస్తే ‘ప’ నోరు మూసుకుని ‘వ’ అయింది. ‘ద’ కింది మ వత్తు నల్లటి ఉండ. ‘భ’ అడుగున ఉండాల్సిన పొల్లుగీత పొట్టలో కలిసిపోయింది. కొండ దిగి వస్తున్న ఒక పెద్దాయన ఆగి, “ఏటి బాబూ, మా ఊరి పేరిలా రాసేసేరేటి?” అన్నాడు. ప్రూఫు చూడకుండా సరేనన్నది మేమే, ఏం చెబుతాం!

ఆ రాత్రే అదే పేరును రామరాజ ఫాంటులో వేసి చూశాను. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా అందించిన తెలుగు ఫాంట్లలో ఇదొకటి. పేరు వసుచరిత్రకారుణ్ణి తలపిస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఇది లావుగా గీసిన అక్షరమే గాని, లావు చేసిన అక్షరం కాదు. తేడా అంతా అక్కడే ఉంది. లావు గీసేవాడు ముందు తెలుపును కొలుచుకోవాలి: ‘ప’ నోరెంత, సున్నా బొక్క ఎంత, వత్తుకీ అక్షరానికీ నడుమ సందెంత అని.

పోస్టరుకీ, పుస్తకం పేరుకీ, శుభలేఖలో వధూవరుల పేర్లకీ ఇలాంటిది భేషుగ్గా ఉంటుంది. శుభలేఖంతా దాంతోనే వేయిస్తే మాత్రం ముహూర్తం వెతుక్కోవాలి! రెండు వరుసలుంటే ఎడం పెంచాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. ఇక ఫ్లెక్సీలవాళ్లు ఎర్రటి అక్షరానికి పసుపు అంచు, దానికో నీడ తగిలించడం నాకు బొత్తిగా గిట్టదు. మిగిలిన కాస్త తెలుపునూ ఆ అంచే మింగేస్తుంది.

ఇప్పుడు ఏ ఫాంటు ఎంచుకున్నా మేం ముందు ‘పద్మనాభం’ అని వేసి గోడకి అంటిస్తాం. విషయం తెలియని వాణ్ణొకణ్ణి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి చదవమంటాం. ఈ సంచిక అట్టకి రెండు ఫాంట్లు అలాగే పోయాయి.