మొదటి డీజే కంట్రోలర్ ఏది కొనాలి?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లె. పెళ్ళిళ్ళకు, వినాయక చవితికి డీజే పెట్టాలని ఉంది. ల్యాప్‌టాప్ ఉంది. నాలుగు ఛానళ్ళది కొనమని ఒకరు, రెండు చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిదండీ?

జవాబు: ముందు రెండు ఛానళ్ళదే తీసుకోండి. ఒక పాట మోగుతుండగా రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో విని లయ కలపడమే అసలు విద్య. అది చేతికి రాకుండా నాలుగు కొంటే సగం మీటలు దుమ్ము పట్టిపోతాయి.

పయనీర్ డీజే డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 మీకు సరిపోతుంది. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి, పందిట్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ దాన్ని నిలబెడుతుంది. పెళ్ళిలో పేర్లు పిలవడానికి మైకు సాకెట్ కూడా ఉంది. డీడీజే-200 ఇంకా చిన్నదే గానీ, దానిలో సౌండ్ కార్డు లేదు. ఇంట్లో సాధనకైతే సరే.

విజయవాడలో కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ పట్టుకెళ్ళి వాయించి చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే ఫేడర్లు నెమ్మదిగా జరిపి, గరగర వినిపిస్తే వదిలేయండి.

బాక్సులు సొంతానికి వద్దు, అద్దెకు చాలు. ఊరేగింపుకు పోలీసు అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం మామూలుగా రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్ స్పీకర్లు ఆపాల్సిందే.