పాత టఫ్ లాప్‌టాప్‌లో జీపీఎస్ పలకకపోతే ఏం చేయాలి?



వార్షికోత్సవ సంచికకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. మన హాస్టల్లో చదివి, ఐటీఐ, డిప్లొమా చేసి సర్వే పనుల్లోకి వెళ్ళేవాళ్ళు ఏటా ఉంటూనే ఉన్నారు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి రోవర్, డ్రోన్, జీపీఎస్ అనే మాటలు పల్లెల్లో అందరి నోటా వినబడుతున్నాయి. అందుకే ఒక పాత లాప్‌టాప్‌తో నేను పడిన తిప్పలనే పాఠంగా రాస్తున్నాను.

దుమ్ముకు, నీటి చుక్కలకు, చిన్నచిన్న దెబ్బలకు తట్టుకునేలా చేసినవి టఫ్ లాప్‌టాప్‌లు. పానసోనిక్ టఫ్‌బుక్ లాంటివి ఈ రకమే. కొత్తవి మనం కొనలేము. సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి. పత్తి, మిర్చి చేల వివరాలు నమోదు చేసే పని కోసం నేనూ ఒకటి కొన్నాను. లోపలే జీపీఎస్ ఉందన్నారు. తీరా చూస్తే రెండు రోజులైనా "సిగ్నల్ లేదు" అనే మాటే!

ముందు సూత్రం తెలుసుకుందాం

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయాన్ని, తమ స్థానాన్ని పంపుతుంటాయి. మన రిసీవర్ వాటిని వింటుంది, అంతే. అది తిరిగి ఏమీ పంపదు. కాబట్టి దానికి సిమ్ కార్డు, ఇంటర్నెట్ అవసరం లేదు. కనీసం 4 ఉపగ్రహాలు వినబడాలి. మూడు మన స్థానం కోసం, నాలుగోది మన రిసీవర్ గడియారంలోని తప్పు సరిదిద్దడం కోసం.

వరుసగా చూడవలసినవి

1. అసలు జీపీఎస్ ఉందా? ఒకే మోడల్‌లో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్ళండి (చాలావాటికి ఎఫ్2 మీట). అక్కడ జీపీఎస్ 'డిజేబుల్' అని ఉంటే 'ఎనేబుల్' చేయాలి. నా దానిలో మొదటి లోపం ఇదే.

2. పోర్టు, వేగం. డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద కామ్ పోర్టు నంబరు చూసుకోండి. ఒక పోర్టును ఒకసారి ఒక ప్రోగ్రామే వాడగలదు. మిగతావి మూసేయండి. వేగం 4800 లేదా 9600 పెట్టి చూడండి. వేగం తప్పితే తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. అవి వచ్చినా సంతోషించండి, రిసీవర్ బతికే ఉందన్నమాట!

3. మౌస్ బాణం గంతులు వేస్తోందా? బయోస్‌లో ఆన్ చేశాక నా తెర మీద బాణం దానంతటదే పరుగెత్తింది. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందన్నారు. జీపీఎస్ పంపే అక్షరాలను కంప్యూటర్ ఒక పాతకాలపు సీరియల్ మౌస్ అనుకుంటే ఇలా అవుతుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద 'సీరియల్ బాల్‌పాయింట్' అని కనబడితే దాన్ని డిజేబుల్ చేయండి. తొలగిస్తే మళ్ళీ వస్తుంది.

4. ఆకాశం కనబడుతోందా? నేను చేసిన పెద్ద తప్పు ఇది. మిర్చి కల్లం పక్కన రేకుల షెడ్డులో కూర్చుని పరీక్షించాను. రేకు రేడియో తరంగాలను ఆపేస్తుంది. స్లాబు కింద, గుబురు చెట్టు కింద కూడా సిగ్నల్ బలహీనపడుతుంది. చాలాకాలం వాడని రిసీవర్‌కు ఉపగ్రహాల పూర్తి పట్టిక అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. బయట కదపకుండా పెట్టి 15, 20 నిమిషాలు ఓపిక పట్టండి.

5. అప్పటికీ రాకపోతే యాంటెన్నాను అనుమానించాలి. మునుపు ఎవరో విప్పి మరమ్మతు చేసినప్పుడు సన్నని తీగ ఊడి ఉండవచ్చు. ఇది తెలిసిన మెకానిక్ పని.

అంకెలు చదవడంలో జాగ్రత్త

చివరికి మూడో రోజున చేలో పెడితే అంకెలు వచ్చాయి. కానీ మ్యాపులో వేరే ఊరు చూపింది! రిసీవర్ 1618.000 అని పంపితే అది 16 డిగ్రీల 18 నిమిషాలు. గుంటూరు అక్షాంశం ఇంచుమించు అదే. 60 నిమిషాలు ఒక డిగ్రీ కనుక 18ని 60తో భాగిస్తే 0.30. అంటే 16.30 డిగ్రీలు. నేను 16.18 అని కొట్టాను. తేడా 0.12 డిగ్రీ. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి 13 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయాను.

సమయం కూడా గ్రీనిచ్ లెక్కలో వస్తుంది. ఐదున్నర గంటలు కలపాలి. కొన్ని పాత రిసీవర్లు తేదీని సుమారు 19 ఏళ్ళ 7 నెలలు వెనక్కి చూపుతాయి. జీపీఎస్‌లో వారాల లెక్క 1024కు చేరగానే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది. తేదీ తప్పినంత మాత్రాన స్థానం తప్పని కాదు.

దీనితో చేయకూడని పని

జీపీఎస్ పలుకుతోందని తెలిసి మా ఊరి రైతు ఒకాయన వచ్చాడు. పక్క చేను వాళ్ళతో గట్టు తగాదా. "అబ్బాయ్, నీ పెట్టెలో చూసి నా హద్దు ఎక్కడో చెప్పు, నువ్వు చదువుకున్నోడివి, నీ మాట వింటారు" అన్నాడు. నాకూ చెప్పేయాలనిపించింది. అయినా ముందు హద్దు రాయి పక్కనే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టి చూశాను. రెండు రీడింగులకూ 5 మీటర్ల తేడా వచ్చింది.

లెక్క వేయండి. చదరంగా ఉన్న ఎకరం చేను ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. ఒక వైపు గట్టు 5 మీటర్లు జరిగితే 318 చదరపు మీటర్లు. సెంటు అంటే 40.47 చదరపు మీటర్లు. అంటే దాదాపు 8 సెంట్లు! నా ఒక్క మాటతో ఒకరి నేల మరొకరికి పోయేది.

సర్వేలో వాడే రోవర్ వేరు. స్థిరంగా ఉన్న బేస్ స్టేషన్ నుంచి సవరణలు తీసుకుని అది సెంటీమీటర్లలో కొలుస్తుంది. మన లాప్‌టాప్ చేను ఎక్కడుందో చెబుతుంది, గట్టు ఎక్కడుందో చెప్పలేదు. "బాబాయ్, ఇది నా పెట్టె తేల్చే పని కాదు, సర్వేయరుకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకో" అని ఆయనకు చెప్పి పంపాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఏ యంత్రం పనిచేయకపోయినా ముందు తేలికైనవి చూడండి, తర్వాత కష్టమైనవి. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది నోటుబుక్కులో రాసుకోండి. పనిచేశాక అది ఎంతవరకు నిజం చెబుతుందో కూడా పరీక్షించండి. చదువుకున్నవాడి మాట నమ్మే ఊళ్ళలో మనం పుట్టాం. ఆ నమ్మకం పోగొట్టుకోకూడదు.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి