ఎత్తుకు పోతే ఆయాసం ఎందుకు?

మందమర్రిలో బొగ్గు బాయి సంగతి అందరికీ తెలుసు. పెద్ద పంకాలు పెట్టి లోపల గాలి ఆడేలా చేస్తారు. గాలి లేకుంటే మనిషి బతకడు.

మరి పెద్ద కొండ మీద? అక్కడ గాలి ఉంటుంది. కానీ పలచగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజనే మన ప్రాణవాయువు. పైకి పోయిన కొద్దీ అది తక్కువగా అందుతుంది.

మలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. ఆమె కూలీల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు! ఆ శిఖరం ఎత్తు సుమారు 8,849 మీటర్లు. సముద్రం ఒడ్డున అందే ప్రాణవాయువులో అక్కడ మూడో వంతే అందుతుంది.

అది తగ్గితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆయాసం వస్తుంది. తల నొస్తుంది. వాంతులవుతాయి. నిద్ర పట్టదు.

అందుకే కొండ ఎక్కేవాళ్లు తొందరపడరు. కొంత ఎక్కి, కొన్ని రోజులు ఆగుతారు. అప్పుడు ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. ప్రాణవాయువును మోసేవి అవే. ఇంకా పైకి పోతే సిలిండరు పెట్టుకుంటారు.

కేదారనాథ్ గుడి కూడా 3,500 మీటర్లకు పైనే ఉంది. యాత్రకు పోతే మెల్లగా ఎక్కండి. తల నొస్తే దాచుకోవద్దు, తోటివాళ్లకు చెప్పండి. నడక తూలినా, మాట తడబడినా ప్రాణానికే ముప్పు. వెంటనే కిందికి దిగాలి. దేవుడు ఎక్కడికీ పోడు. మళ్లీ పోవచ్చు.

చెప్పండి: కొండ మీద తల నొస్తే ఏం చేయాలి?