రెండు చికిత్సలు, ఒక ధర్మము

సేవ యనగానే మన మనస్సున రెండు వేర్వేరు చిత్రములు పొడసూపును. పేదల వాడలో ఆరోగ్యశిబిరము నెలకొల్పి రోగులకు మందులొసగుట యొకటి. వీధిలో గాయపడిన కుక్కకు కట్టుకట్టుట రెండవది. మొదటిదానికి మానవసేవ యనియు, రెండవదానికి భూతదయ యనియు పేర్లు పెట్టి వాటిని రెండు వర్గములవారికి పంచియిచ్చితిమి. ఇటీవల ఢిల్లీ నగరమున ఈ రెండు వర్గములును పరస్పరము ప్రతిపక్షులుగా నిలిచినవి. కావున ఈ విభజన యుక్తమా యని సాధకుడు విచారింపవలసియున్నది.

ప్రాచీనులు దీనిని విభజింపలేదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు చెక్కించిన ధర్మశాసనములు నేటికిని కానవచ్చుచున్నవి. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచితిననియు, మూలికలు దొరకని తావులకు వాటిని తెప్పించి నాటించితిననియు ఆయన అందు తెలిపెను. ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లాపై నిలిచియున్న అశోకస్తంభము పదునాలుగవ శతాబ్దమున తోప్రా గ్రామమునుండి తేబడినది. బాటల వెంట మఱ్ఱిచెట్లు నాటించుట పశువులకును మనుష్యులకును నీడనిచ్చుటకే యని దానిపైగల శాసనము చెప్పుచున్నది. తెలుగుసీమ శిలయు ఢిల్లీ స్తంభమును ఒకే ధర్మమును చాటుచున్నవి.

ఈ ఏకత్వము భావనామాత్రము కాదు. పిచ్చికుక్క వ్యాధి యనబడు రేబిస్ దీనిని ప్రత్యక్షముగా నిరూపించుచున్నది. మనుష్యులకు సోకు రేబిస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్కల మూలముననే కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. లక్షణములు పొడసూపిన పిదప మరణము దాదాపు తప్పదు. అయినను కరచిన వెంటనే గాయమును సబ్బుతోను, పారు నీటితోను 15 నిమిషములు కడిగి, జాగుచేయక వైద్యుని చేరి టీకాలన్నియు వేయించుకొన్నచో ఆపద తొలగును. మఱియు ఒక ప్రాంతమునందలి కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో వాటిలో రోగవ్యాప్తి తెగిపోవును. కుక్కకు వేసిన సూది, ఆ వీధిలో ఆడుకొను బిడ్డను కాపాడుచున్నదన్నమాట.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరములలోని వీధికుక్కలను పట్టి ఆశ్రయములయందే యుంచవలెనని ఆజ్ఞాపించెను. ఆగస్టు 22న ఆ యాజ్ఞను సవరించి, సంతాననిరోధ శస్త్రచికిత్సయు టీకాయు చేసిన కుక్కలను వాటి తావులకే చేర్చవలెననియు, రేబిస్ సోకినవానిని, సోకినట్లు అనుమానింపబడినవానిని, క్రూరముగా మీదబడువానిని విడువరాదనియు, ఆహారమునకు ప్రత్యేకస్థలములు నిర్ణయింపవలెననియు తెలిపెను. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, రైల్వేస్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి మరల అచట విడువరాదని ఉత్తరువు చేసెను. ఈ వివాదమున బిడ్డను కోల్పోయిన తల్లి శోకమును సత్యమే. మూగజీవి బాధయు సత్యమే. ఒకదానిని నిరాకరించి మరియొకదానిని నిలుపజూచువాడు దయామయుడు కాడు, పక్షపాతి యగును.

అయినచో సేవకుడు చేయవలసినదేమి? ఇచటనే అంతరంగపరీక్ష యున్నది. కుక్కకు రొట్టె వేసినచో అది తోకయాడించును. మనకు తక్షణమే సంతోషము కలుగును. దానిని పట్టి శస్త్రచికిత్సకు గొనిపోయినచో అది బెదరి, మనలను జూచి పారిపోవును. చెవి అంచున గుర్తుగా పెట్టిన చిన్న గాటుతప్ప ఆ సేవకు వేరు సాక్ష్యము లేదు. ఆరోగ్యశిబిరమునందును ఇంతే. ఒక్కదినము మందులు పంచినచో కృతజ్ఞత లభించును. క్షయరోగి ఆరునెలల చికిత్సను మానకుండునట్లు మరల మరల అతని గడపకు పోవువానిని ఎవరును కొనియాడరు. ప్రశంస దొరకని ఈ రెండవభాగమే సేవయొక్క సారము.

ఇట్టి ఓర్పునకు ఢిల్లీయే దృష్టాంతము. 1994 అక్టోబరు 2న నగరమందలి పసిబిడ్డలకు పోలియో చుక్కలు వేయు కార్యక్రమము ఆరంభమయ్యెను. మరుసటి సంవత్సరము దేశమంతట వ్యాపించెను. సేవకులు ఇంటింటికి తిరిగిరి. తలుపు మూసినవారి కడకు మరల వెళ్ళిరి. 2011 జనవరి పిమ్మట దేశమున సహజ పోలియో వైరసు వలన ఒక్క కేసైనను కనబడలేదు. 2014లో భారతదేశము పోలియోరహితముగా ప్రకటింపబడెను. విడువబడిన బిడ్డ ఒక్కరైనను ఉండరాదన్న పట్టుదలయే ఆ ఫలము నిచ్చినది. వీధికుక్కల టీకాకును ఈ పట్టుదలయే కావలెను.

కావున సేవకుడు మొదట తాను ముందుజాగ్రత్త టీకాలు వేయించుకొనవలెను. బడివాకిట, పిల్లలాడుచోట ఆహారము వేయరాదు; నియమితస్థలముననే వేయవలెను. తాను పోషించు ప్రతి కుక్కకును శస్త్రచికిత్స, టీకా జరుగునట్లు చూడవలెను. ఆరోగ్యశిబిరమున రక్తపుపోటు చూచునపుడే కాటుగాయమునకు కారము, సున్నము పూయరాదనియు, కడిగి ఆసుపత్రికి రావలెననియు బోధింపవలెను. అప్పుడు రెండు సేవలును ఒకటియగును.

మహాభారత ఆదిపర్వమున, కురుక్షేత్రమందలి యజ్ఞశాలకు వచ్చిన సరమ కుమారుని జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. ఆ శునకమాత రాజును నిలదీసి, ఊహింపని భయము మీకు వచ్చునని పలికెను. సర్పయాగమును తలపెట్టనున్న రాజు వినిన తొలి ధర్మప్రశ్న ఒక కుక్క నోటినుండి వచ్చినదే. జీవులయెడ అవివేకముతో కూడిన క్రౌర్యము భయమును తెచ్చును. అవివేకముతో కూడిన దయయు నిర్భయము నీయజాలదు. వివేకముతో కూడిన దయ మాత్రమే బిడ్డకును కుక్కకును ఒకే వీధిలో అభయమొసగును.