పికప్ వాహనపు ఇంధన ట్యాంకు నిండకపోవడం: కారణాలు, పరిశీలన క్రమం

అమెరికా వ్యవసాయ క్షేత్రాలలో పికప్ ట్రక్కును వాహనంగా కంటే పనిముట్టుగానే చూస్తారు. విత్తనపు సంచులు, మందు డబ్బాలు, నీటి పంపులు, మట్టి నమూనాల పెట్టెలు అన్నీ దానిమీదనే పొలానికి చేరుతాయి. అక్కడి విశ్వవిద్యాలయాలలో చదువుతున్న మన వ్యవసాయ విద్యార్థులు పరిశోధన క్షేత్రపు పికప్‌ను స్వయంగా నడపవలసిన సందర్భాలు ఉంటాయి. పొలం పనికి వాడే ఈ పెట్రోలు వాహనాలలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. ట్యాంకు సగం నిండకముందే బంకులోని నాజిల్ టక్కుమని ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే ఒకటి రెండు లీటర్లు పోసి మళ్లీ ఆగుతుంది.

దీనిని చిన్న చిరాకుగా భావించి నెలల తరబడి అలాగే నడిపేవారు ఉన్నారు. అయితే ఆగిన ప్రతిసారీ కొంత పెట్రోలు వెనక్కి చిమ్మి చేతిమీద, దుస్తులమీద, వేడెక్కిన వాహన భాగాలమీద పడే అవకాశం ఉంది. బంకు దూరంగా ఉన్న ప్రాంతంలో కోతల రోజున సగం ట్యాంకుతో బయలుదేరడం వేరొక ఇబ్బంది. వీటన్నిటికంటె ఎక్కువగా జరిగే నష్టం ఏమంటే, కారణం తెలియక ట్యాంకునో పంపునో మార్పించి, డబ్బు ఖర్చయిన తరువాత కూడా లోపం అలాగే మిగిలిపోవడం. నిజానికి ఈ లోపంలో ట్యాంకు దోషం అరుదు. ట్యాంకులోనికి ఇంధనం వెళ్లే దారికంటె, ట్యాంకులోనుండి గాలి బయటకు వచ్చే దారిని ముందుగా అనుమానించాలి.

నాజిల్ ఎందుకు ఆగుతుంది

బంకు నాజిల్ కొన వద్ద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని నుండి సన్నని గొట్టం ఒకటి పిడిలోని పలుచని పొర వరకు వెళుతుంది. పెట్రోలు వేగంగా ప్రవహించేటప్పుడు పిడిలోని ఇరుకు భాగంలో పీడనం తగ్గి, ఆ సన్నని గొట్టం ద్వారా గాలిని పీల్చుకుంటూ ఉంటుంది. కొన వద్ద రంధ్రాన్ని పెట్రోలు ముంచివేసిన క్షణంలో గాలి అందదు, పొర లాగబడుతుంది, కొక్కెం విడిపోయి ప్రవాహం ఆగుతుంది. ఇందులో విద్యుత్తు లేదు, ట్యాంకు నిండినదా లేదా అన్న సమాచారమూ లేదు. నాజిల్‌కు తెలిసినది ఒక్కటే: తన కొన మునిగినదా, లేదా. ట్యాంకు అడుగున పది లీటర్లే ఉన్నప్పటికీ, పోసే గొట్టంలో పెట్రోలు పైకి ఎగదన్నితే నాజిల్ దృష్టిలో ట్యాంకు నిండినట్లే.

పెట్రోలు పైకి ఎందుకు ఎగదన్నుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. అమెరికాలో బంకు పంపు గరిష్ఠ వేగం నిమిషానికి 10 గాలన్లు, అంటే సుమారు 38 లీటర్లు. సెకనుకు దాదాపు 630 మిల్లీలీటర్ల పెట్రోలు లోనికి వెళుతున్నదంటే, అంతే పరిమాణం గల గాలి, ఆవిరి అదే సెకనులో బయటకు రావాలి. గాలి దారి లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు అనుకుంటే, దానిలో గాలి వేగం సెకనుకు 3.6 మీటర్లు. అందుకు అవసరమైన పీడనం పోసే గొట్టంలో ఒక మిల్లీమీటరు ఎత్తు పెట్రోలు కలిగించే పీడనంతో సమానం. ఆ మాత్రం పెరుగుదలను లెక్కించనవసరం లేదు. అదే దారి ఒకచోట దుమ్ముతో పూడి 5 మిల్లీమీటర్లకు కుదించుకుపోయినదనుకుందాం. వ్యాసం మూడవ వంతు, వైశాల్యం తొమ్మిదవ వంతు, వేగం తొమ్మిది రెట్లు. పీడనం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 81 రెట్లు అవుతుంది. ఒక మిల్లీమీటరు కాస్తా ఎనిమిది సెంటీమీటర్లు దాటుతుంది. ఘర్షణ వలన, పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది కావడం వలన నిజమైన ఎత్తు ఇంకా ఎక్కువగానే ఉంటుంది. నాజిల్ కొన మునగడానికి అది చాలు.

ఈ లెక్కలోనే మొదటి పరీక్ష కూడా ఇమిడి ఉంది. పిడిని సగం మాత్రమే నొక్కి ప్రవాహాన్ని సగానికి తగ్గిస్తే, అవసరమైన పీడనం నాలుగవ వంతుకు పడిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్లు రెండు అవుతుంది. నెమ్మదిగా పోస్తే నిండి, వేగంగా పోస్తే ఆగిపోయే వాహనంలో గాలి దారి పూర్తిగా కాక పాక్షికంగా మూసుకుపోయిందని భావించవచ్చు. ఎంత నెమ్మదిగా పోసినా ఆగిపోతే దారి పూర్తిగా మూసుకుని ఉండాలి, లేదా పోసే గొట్టంలోనే ఇంధనం నిలిచే వంపు ఏర్పడి ఉండాలి. రెండు మూడు బంకులలో పరీక్షించిన తరువాతనే లోపాన్ని వాహనానికి ఆపాదించాలి. ఒకే బంకులో ఒకే పంపు వద్ద మాత్రమే ఆగుతున్నదంటే ఆ నాజిల్‌ను అనుమానించడం న్యాయం.

గాలి ఏ దారిన బయటకు వస్తుంది

ఇక్కడ వాహనపు వయస్సు ముఖ్యం. పాత పికప్‌లలో పోసే గొట్టం పక్కనే మరొక సన్నని గొట్టం ట్యాంకు పైభాగం నుండి మూత దగ్గరకు వస్తుంది. లోపలి గాలి ఆ గొట్టం వెంట పైకి వచ్చి, పెట్రోలు వాసనతో సహా బయటి గాలిలో కలుస్తుంది. ఈ ఆవిరిని అరికట్టేందుకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1994లో నియమాలు చేసింది. 1998 నమూనా సంవత్సరం నుండి కార్లలో, 2001 నుండి 2006 మధ్య దశలవారీగా తేలికపాటి ట్రక్కులలో ఆ నియమాలు అమలయ్యాయి. అప్పటినుండి ఇంధనం పోసేటప్పుడు వెలువడే ఆవిరి మూత వైపు రాకూడదు. పోసే గొట్టాన్ని సన్నగా చేసినందున ప్రవహించే పెట్రోలే బిరడావలె ఆ వైపు దారిని మూసివేస్తుంది. ఆవిరి ట్యాంకు పైన ఉన్న తేలుడు వాల్వ్ ద్వారా, లావు గొట్టం గుండా బొగ్గు డబ్బాలోనికి వెళుతుంది. డబ్బాలోని ఉత్తేజిత బొగ్గు పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుకుంటుంది. మిగిలిన గాలి డబ్బా రెండవ చివరన ఉన్న వెంట్ వాల్వ్ గుండా బయటకు పోతుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని, బొగ్గు పట్టుకున్న ఆవిరిని ఇంజను పీల్చుకుని మండిస్తుంది.

అందుచేత ఈ తరం వాహనాలలో సెకనుకు 630 మిల్లీలీటర్ల గాలికీ వెంట్ వాల్వ్ ఒక్కటే ద్వారం. అది మూసుకుంటే మొత్తం దారి మూసుకున్నట్లే. ఈ వాల్వ్‌ను చాలా పికప్‌లలో వాహనం కింద, వెనుక చక్రాల సమీపంలో అమర్చుతారు. నగరంలో తిరిగే వాహనానికి ఇది ఇబ్బంది కాదు. కంకర బాటలమీద, దున్నిన చేలలో, కోత యంత్రం వెంట పొట్టు ఎగిరే చోట తిరిగే వాహనానికి ఇంతకంటె చెడ్డ స్థానం ఉండదు. దుమ్ముమీద నీటి పైపుతో కడిగితే అది బురదై వాల్వ్ లోపల గట్టిపడుతుంది. కొన్ని వాహనాలకు తరువాత వడపోత గల మెరుగైన వాల్వ్, దానిని ఎత్తయిన చోటికి మార్చే గొట్టంతో సహా విడిగా దొరుకుతుంది. పొలం వాహనానికి అది తగిన ఖర్చే అని మా అభిప్రాయం.

సాలీళ్లు, కందిరీగలు

కీటక శాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే అంశం ఇక్కడ ఉంది. 2011 మార్చిలో మాజ్దా సంస్థ ఉత్తర అమెరికాలో సుమారు 65 వేల మాజ్దా 6 కార్లను వెనక్కి పిలిపించింది. బొగ్గు డబ్బా వెంట్ గొట్టంలో పసుపు సంచి సాలీడు గూడు అల్లుకోవడమే అందుకు కారణం. 2014లో అదే కారణంతో మరో 42 వేల కార్లను పిలిపించారు. అవి పికప్‌లు కాకపోయినా గొట్టపు అమరికలో తేడా లేదు. చీరాకాంథియం ప్రజాతికి చెందిన ఈ సాలీడు ఉచ్చు వల పన్నదు. రాత్రివేళ తిరిగి వేటాడి, పగలు పట్టుదారంతో అల్లిన సంచిలో దాగి ఉంటుంది. ప్రత్తి చేలలో, ద్రాక్ష తోటలలో పురుగులను తిని మేలు చేసే జీవిగా దీనికి పేరు. అదే సంచి సన్నని గొట్టంలో చేరితే ఇంజను ఆవిరిని పీల్చేటప్పుడు బయటి గాలి లోనికి రాక ట్యాంకులో పీడనం తగ్గుతుంది. ప్లాస్టిక్ ట్యాంకు లోనికి నొక్కుకుపోయి క్రమంగా పగులు పట్టే ప్రమాదం ఏర్పడుతుంది. అంటే వెంట్ మూసుకోవడం ఇంధనం పోసే సమస్యతో ఆగదు. ట్యాంకు కారడం వరకు వెళ్లగలదు. మూత తెరిచినప్పుడు గాలి లోనికి బుస్సుమని పీల్చుకున్న శబ్దం గట్టిగా, ప్రతిసారీ వినిపిస్తే ఈ దిశలో ఆలోచించాలి.

మట్టిగూడు కట్టే కందిరీగలు కూడా తెరిచి ఉన్న గొట్టపు నోళ్లను వదలవు. షెడ్డులో నెలల తరబడి కదలకుండా ఉన్న వాహనంలో ఎండిన మట్టి బిరడా కనిపిస్తే అది దుమ్ము పేరుకున్నది కాదు, గూడు. దానిని కడ్డీతో లోనికి నెట్టకూడదు. గొట్టాన్ని ఊడదీసి బయటకు రాబట్టాలి.

పరిశీలన క్రమం

ఖర్చు లేని పరీక్షలు మొదట జరగాలి. వేరే బంకు, తక్కువ వేగం, నాజిల్‌ను కొద్దిగా తిప్పి పట్టడం, ఈ మూడింటి ఫలితాన్ని రాసుకోవాలి. తరువాత వాహనం కిందికి చూసి పోసే గొట్టాన్ని, దాని రబ్బరు భాగాన్ని పరిశీలించాలి. రబ్బరు పాతబడితే పైకి బాగానే కనిపిస్తూ లోపలి పొర ఊడి తలుపువలె వేలాడి ప్రవాహాన్ని అడ్డగించవచ్చు. చేతితో నొక్కి చూస్తేనే ఇది తెలుస్తుంది.

పొలం వాహనాలకు ప్రత్యేకమైన కారణం మరొకటి. అసలు వెనుక తొట్టిని తీసివేసి చదునైన ఇనుప వేదికను బిగించుకోవడం అక్కడ సాధారణం. అప్పుడు పోసే నోరు తన పూర్వపు ఎత్తు కోల్పోతుంది. గొట్టం వాలు తగ్గి దాదాపు అడ్డంగా పడుకుంటుంది, లేదా మధ్యలో కిందికి జారి సంచి కడుతుంది. ఆ వంపులో నిలిచిన పెట్రోలు గాలి దారిని తానే మూసివేస్తుంది. ఇటువంటి వాహనంలో వాల్వులు మార్చి ప్రయోజనం లేదు. నోటి ఎత్తు పెంచి, గొట్టాన్ని పొడవునా కిందికి వాలేటట్లు అమర్చాలి. వేదిక మార్చిన నాటి నుండే లోపం ప్రారంభమైనదా అని యజమానిని అడిగితే సగం పని పూర్తవుతుంది. విస్తరణ కార్యకర్తలు తెగులు సోకిన పంట వద్ద అడిగే ప్రశ్న కూడా ఇదే కదా.

గొట్టాలు సవ్యంగా ఉంటే వెంట్ వాల్వ్‌ను ఊడదీయాలి. విద్యుత్తు లేనప్పుడు ఈ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. 12 వోల్టులు అందినప్పుడు మూసుకుంటుంది. కనుక విడిగా తీసిన వాల్వ్ గుండా చిన్న చేతి పంపుతో గాలి పంపితే అడ్డు లేకుండా పోవాలి. పోకపోతే వాల్వ్‌ను మార్చాలి. గాలి బాగా పోతున్నప్పటికీ ట్యాంకు నిండకపోతే బొగ్గు డబ్బా వైపు వెళ్లాలి. డబ్బాను ఊపినప్పుడు గులకల చప్పుడు వినిపిస్తే, లేదా వాల్వ్‌లో నల్లని గింజలు కనిపిస్తే, బొగ్గు విరిగి దారిలో చేరిందని అర్థం. నాజిల్ ఆగిన తరువాత కూడా గుండ్రని అంకె కోసం మరికొంత పోసే అలవాటు దీనికి దారి తీస్తుంది. ద్రవ పెట్రోలు డబ్బాలో చేరి బొగ్గును పాడుచేస్తుంది. డబ్బా కూడా బాగుంటే ట్యాంకు పైనున్న తేలుడు వాల్వ్ మిగులుతుంది. ట్యాంకును దించవలసిన పని కనుక అది చివరిది.

ఇంజను హెచ్చరిక దీపం వెలిగితే సంకేత సంఖ్యను చదివించాలి. పి 0446 వెంట్ నియంత్రణను సూచిస్తుంది. దీపం వెలగలేదు కనుక వెంట్ బాగుందని మాత్రం అనుకోరాదు. పెట్రోలు నింపిన వెంటనే ఇంజను స్టార్టు కాక మొరాయిస్తే అది వేరే లోపం. పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందని దాని అర్థం.

రెండు పనులు ఎన్నటికీ చేయకూడదు. గొట్టాలు ట్యాంకుకు తగిలించి ఉండగా కంప్రెసర్ గాలిని వాటిలోనికి ఊదకూడదు. వర్క్‌షాపు గాలి పీడనానికి ప్లాస్టిక్ ట్యాంకు, డబ్బా తట్టుకోలేవు. ట్యాంకు నిండనందున డబ్బాలలో పెట్రోలు తెచ్చి పోసేవారు ఆ డబ్బాలను ప్లాస్టిక్ పరుపు వేసిన పికప్ తొట్టిలో ఉంచి నింపకూడదు. ప్లాస్టిక్ వలన స్థిర విద్యుత్తు నేలకు చేరలేక నాజిల్ వద్ద నిప్పురవ్వ పుట్టి మంటలు లేచిన ప్రమాదాలు అక్కడ నమోదయ్యాయి. డబ్బాను నేలమీద పెట్టి, నాజిల్‌ను దానికి ఆనించి నింపాలి.

మన డీజిల్ వాహనాల విషయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూరగాయలు, పాలు మోసే పికప్‌లలో అధికభాగం డీజిల్‌తో నడిచేవి. డీజిల్ తేలికగా ఆవిరి కాదు కనుక వాటికి బొగ్గు డబ్బా అవసరం ఉండదు. గాలి గొట్టం నొక్కుకుపోవడం, మట్టితో పూడడం మాత్రమే చూస్తే చాలు. వీటిలో నాజిల్ త్వరగా ఆగడానికి మరొక కారణం నురుగు. వేగంగా పోసినప్పుడు డీజిల్ నురగలెత్తి నాజిల్ కొనను ముంచుతుంది. కొద్దిసేపు ఆగి నెమ్మదిగా పోస్తే నిండితే దానిని లోపంగా పరిగణించనక్కరలేదు.

ట్రాక్టరులో ఇదే లోపం తలకిందులుగా కనిపిస్తుంది. వెడల్పాటి నోటి గుండా పోస్తారు కనుక నిండడానికి ఇబ్బంది ఉండదు. కాని మూతలోని గాలి రంధ్రం బురదతో మూసుకుంటే ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ గాలి లోనికి చేరదు. కొంతసేపు బాగా దున్నిన తరువాత ఇంజను బలం తగ్గి ఆగిపోతుంది. మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తుంది. ఫిల్టర్లు, ఫీడ్ పంపు మార్పించే ముందు రైతు మూతను విప్పి డీజిల్‌తో కడిగి, రంధ్రం తెరుచుకున్నదో లేదో వెలుతురుకు పట్టి చూడాలి.