నోరు విప్పి కోడ్ రాయి, బిడ్డా



ఉద్యోగం ఇంటర్వ్యూలో రెండో టెక్నికల్ రౌండు దగ్గరే ఆగిపోయావని, అప్పట్నుంచి సరిగా తినడం లేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. జవాబు తెలిసినా ఎందుకు తీసుకోలేదని అడుగుతున్నావట. ఆ టేబుల్‌కు అవతల కూర్చుని చాలామందిని చూసినవాణ్ణి కనుక చెప్తున్నా. ముప్పావు గంట నోరు విప్పకుండా కోడ్ రాశానన్నావు చూడు, దెబ్బ అక్కడే తగిలి ఉంటుంది.

ప్రశ్న ఇచ్చేవాళ్లకు జవాబు ముందే తెలుసు. నువ్వు ఎలా ఆలోచిస్తావో వినడానికే కూర్చుంటారు. ఒక స్ట్రింగ్‌లో ముందుగా రెండోసారి కనిపించే అక్షరం ఏదని అడిగారనుకో. వెంటనే రాయకు. పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటేనా, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే ఏం రావాలి అని అడుగు. అడిగితే ఏమీ రాదనుకుంటారని మన మెదక్ పిల్లలకు భయం. నేనైతే ఏమీ అడగనివాళ్లను చూసే జంకుతాను. రెండు లూపులతో చేయొచ్చు కానీ స్ట్రింగ్ పెద్దదైతే ఆలస్యమవుతుందని, చూసిన అక్షరాలను హ్యాష్ సెట్‌లో దాచుకుంటే ఒక్కసారి చదివితే చాలని, అందుకు కొంత మెమరీ పడుతుందని పైకే చెప్పు. అప్పుడు రాయి. రాశాక చిన్న పదమొకటి తీసుకుని లైను లైనూ నడిపి చూపించు. లెక్కల సారు స్టెప్పులకు మార్కులు వేసినట్టే, చివర్లో చిక్కుకున్నా అంతవరకు నడిచిన దారికి విలువ ఉంటుంది.

ఇంగ్లిష్ గురించి దిగులొద్దు. చిన్న చిన్న వాక్యాలు చాలు.

అమెజాన్‌లాంటి చోట కోడ్ ఒక్కటే చూడరు. వాళ్లకు 16 లీడర్‌షిప్ ప్రిన్సిపల్స్ ఉన్నాయి, వాటి చుట్టూ నీ అనుభవాలు అడుగుతారు. కాలేజీ ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు 'మేం చేశాం' అని వదిలేయకు. అందులో నీ చేత్తో చేసిందేమిటో చెప్పు.

కాదన్నారని నీకు చేతకాదనుకోకు. హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ రాసిన మ్యాక్స్ హోవెల్ తనను గూగుల్ తీసుకోలేదని 2015లో తానే బయటపెట్టాడు. అక్కడి ఇంజనీర్లలో ఎక్కువమంది అతని సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, బోర్డు మీద బైనరీ ట్రీని తిరగేయలేకపోయాడని వద్దన్నారట. పజిల్ ప్రశ్నలతో సమయం వృథా అని 2013లో చెప్పింది గూగుల్‌లో నియామకాలు చూసిన లాస్లో బాక్ గారే. అడిగేవాళ్ల పద్ధతిలోనూ లోపాలుంటాయి బిడ్డా.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగమిప్పిస్తామని ఎవరైనా లక్షలడిగితే నాన్నను పొలం జోలికి పోనీయకు. సరైన కంపెనీ ఉద్యోగానికి డబ్బు తీసుకోదు. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే, చేరాక వెరిఫికేషన్‌లో దొరికినా ఇంటికి పంపుతారు.

ఈసారి ఆఫీసుకు పిలిస్తే ముందు రోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చెయ్. పొద్దున్నే మెదక్‌లో బస్సెక్కి, నర్సాపూర్ మీదుగా బాలానగర్ ట్రాఫిక్ దాటి మాదాపూర్ చేరేసరికి సగం ఓపిక దారిలోనే పోతుంది. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకో. నేనో ప్రశ్న ఇస్తా, నువ్వు గట్టిగా మాట్లాడుతూ చెయ్యి.

ఇట్లు,
నీ మేనమామ